ప్లాస్టిక్ ప్యాకేజింగ్ లెక్కలు: హైదరాబాద్ సంస్థలు ఈపీఆర్ రిటర్న్‌కు సిద్ధమయ్యే విధానం

సొంత బ్రాండు పేరుతో సరుకును ప్లాస్టిక్ ప్యాకెట్లలో, డబ్బాల్లో అమ్మే సంస్థ ఏటా జూన్ 30లోగా, అంతకుముందు ముగిసిన ఆర్థిక సంవత్సరపు వార్షిక రిటర్న్‌ను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈపీఆర్ పోర్టల్‌లో దాఖలు చేయాలి. ఈపీఆర్ అంటే ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత, అంటే మార్కెట్లోకి పంపిన ప్లాస్టిక్ ప్యాకింగ్ వ్యర్థమయ్యాక దాని రీసైక్లింగ్ వంటి బాధ్యత ఆ సంస్థదే. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలకు 2022 ఫిబ్రవరిలో చేర్చిన మార్గదర్శకాలే ఇందుకు ఆధారం. రిటర్న్‌లో అడిగే అంకెలు ఏడాది పొడవునా గోదాములోనూ కొనుగోలు బిల్లుల్లోనూ పుట్టేవి కనుక, జూన్‌లో లెక్క మొదలుపెట్టే సంస్థకు ఇబ్బంది తప్పదు.

ముందుగా ఈ బాధ్యత మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోండి. సూక్ష్మ, చిన్న తరహా బ్రాండ్ యజమానులకు మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ప్రమాణాల ప్రకారం యంత్రాలపై పెట్టుబడి 25 కోట్ల రూపాయలు, టర్నోవర్ 100 కోట్లు దాటనిది చిన్న సంస్థ. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ హోదా పోతుంది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో వచ్చే సరుకును దిగుమతి చేసుకునేవారు ఈ మినహాయింపు తమకూ ఉందని భావించరాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మాత్రమే అమ్మే హైదరాబాద్ సంస్థ సనత్‌నగర్‌లోని తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి వద్ద రిజిస్టర్ అవుతుంది. కర్ణాటకకూ సరుకు పంపడం మొదలుపెడితే రాష్ట్రాలు రెండు దాటుతాయి కాబట్టి కేంద్ర మండలి పరిధిలోకి వెళుతుంది. దరఖాస్తు మాత్రం ఎవరికైనా పోర్టల్ ద్వారానే.

అసలు శ్రమంతా వర్గీకరణలో, తూకంలో ఉంది. జీడిమెట్లలో కారం పొడి, పచ్చళ్లు ప్యాక్ చేసే యూనిట్‌ను ఊహించుకోండి. పచ్చడి సీసా, దాని మూత గట్టి ప్లాస్టిక్ కాబట్టి ఒకటో కేటగిరీ. కారం పౌచ్‌లోని పొరలన్నీ ప్లాస్టిక్ అయితే రెండో కేటగిరీ. మధ్యలో అల్యూమినియం రేకు ఉంటే మూడోది. పొరల వివరాన్ని సప్లయర్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి, చేతితో తడిమి నిర్ణయించవద్దు. అట్టపెట్టెల మీద చుట్టే ష్రింక్ ఫిల్మ్, స్ట్రెచ్ ఫిల్మ్ కూడా రెండో కేటగిరీ కిందకే వస్తాయి. చాలామంది వదిలేసే అంకె ఇదే.

ప్రతి కొత్త లాట్ నుంచి 100 ఖాళీ పౌచ్‌లను కాంటా మీద తూచి సగటు రాసిపెట్టుకోండి. అవి 450 గ్రాములు తూగితే పౌచ్ బరువు 4.5 గ్రాములు, ఏడాదికి 20 లక్షల ప్యాకెట్లు అమ్మితే 9 టన్నులు. ఈ మొత్తాన్ని ఫిల్మ్ కొనుగోలు ఇన్‌వాయిస్‌లతో సరిపోల్చండి. రోల్ మధ్యలోని అట్ట గొట్టం బరువు తీసివేయడం మరవవద్దు. సీలింగ్ సరిగా పడక పక్కన పడేసిన పౌచ్‌లనూ కేటగిరీల వారీగా తూచి, స్లిప్పు తేదీతో భద్రపరచాలి, ఎందుకంటే మీ లక్ష్యాన్ని, అంటే మీ బాధ్యత కిందకు వచ్చే ప్లాస్టిక్ పరిమాణాన్ని, గడచిన రెండేళ్ల సగటు అమ్మకపు ప్యాకింగ్‌కు ఈ వ్యర్థాల సగటును కలిపి లెక్కిస్తారు.

అంత ప్లాస్టిక్ వ్యర్థం ప్రాసెస్ అయినట్టు చూపే సర్టిఫికెట్లను, లక్ష్యానికి తగినన్ని, పోర్టల్‌లో నమోదైన ప్రాసెసర్ల (రీసైక్లింగ్ వంటివి చేసే సంస్థల) నుంచి కొనాలి. కాటేదాన్‌లో తుక్కు కొన్నవారు ఇచ్చే రసీదు ఇందుకు పనికిరాదు. ఒక కేటగిరీలో మిగిలినదాన్ని మరో కేటగిరీకి సర్దలేరు. 2025-26కు ఒకటో కేటగిరీ లక్ష్యంలో కనీసం 60 శాతం, రెండు, మూడు కేటగిరీల్లో 40 శాతం రీసైక్లింగ్ ద్వారానే చూపాలి.

లోటుకు పర్యావరణ పరిహారం కట్టినా బాధ్యత తీరదు, అది మూడేళ్లపాటు వెంట వస్తుంది. ఏడాదిలోపు పూరిస్తే పరిహారంలో 75 శాతం, రెండేళ్లలోపు 60, మూడేళ్లలోపు 40 శాతం తిరిగి వస్తుంది. కాబట్టి లోటు ఉన్న ఏడాది అంకెలను తగ్గించి చూపకుండా, ఉన్నది ఉన్నట్టు దాఖలు చేసి, కొరతను తర్వాతి ఏడాది తొలి నెలల్లోనే తీర్చుకోవడం మేలు.