లింకు ఉంది, ఫైలు లేదంటోంది: నా అనుభవం

లినక్స్‌లో లింకులు తయారుచేసే ఎల్‌ఎన్ (ln) కమాండ్‌తో మరో డిస్కులోని ఫోల్డరుకు లింకు పెట్టాను. హార్డ్ లింకు (అదే ఫైలుకు మరో పేరు) డిస్కు దాటదు, ఫోల్డర్లకు అసలే కుదరదు. కాబట్టి మైనస్ ఎస్ (-s)తో సింబాలిక్ లింకు, అంటే అసలు దాని దారిని మాత్రమే రాసుకునే లింకు పెట్టాను. కమాండ్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. తెరవబోతే మాత్రం అలాంటి ఫైలే లేదంది!

లింకులో ఏ దారి ఉందో చూపే రీడ్‌లింక్ కమాండ్‌తో చూశాక కారణం దొరికింది. సింబాలిక్ లింకు మనం ఇచ్చిన దారిని ఉన్నదున్నట్టు రాసుకుంటుంది, అది నిజంగా ఉందో లేదో చూడదు. సాపేక్షమైన దారి (స్లాష్‌తో మొదలవకుండా, ఏదో ఒక ఫోల్డరు నుంచి లెక్కపెట్టేది) ఇస్తే, మనం కమాండ్ ఇచ్చిన ఫోల్డరు నుంచి కాదు, లింకు ఉన్న ఫోల్డరు నుంచి లెక్క మొదలవుతుంది. ఇది ముఖ్యం. నేనిచ్చింది అలాంటి దారే, అందుకే తప్పింది.

పాత లింకు తీసేసి, స్లాష్‌తో మొదలయ్యే పూర్తి దారి ఇచ్చాను. వెంటనే తెరుచుకుంది. గ్నూ ఎల్‌ఎన్ (చాలా లినక్స్‌లలో ఉండే రకం) అయితే మైనస్ ఎస్ఆర్ (-sr) ఇచ్చినా చాలు, సరైన సాపేక్ష దారిని అదే కట్టుకుంటుంది.