గ్రాస్‌హాపర్ స్పారోను గుర్తుపట్టడం ఎలా?

ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో ఉండే ఈ పిట్ట పాట అచ్చం మిడత చప్పుడులా ఉంటుంది. అందుకే ఆ పేరు. మిడతలను ఇష్టంగా తింటుంది కూడా. మన ఇళ్ల చూరుల్లో గూడు కట్టే పిచ్చుకకు ఇది చుట్టం కాదు, కుటుంబమే వేరు.

ముందు చెవితో వెతకండి. మే నుంచి జూలై దాకా, పొద్దున్నే. ‘టిక్ టిక్’ అని రెండు పొట్టి చప్పుళ్లు, ఆ వెంటనే ‘జ్‌జ్‌జ్‌’ అని సన్నటి జీర. అంతా రెండు సెకన్లలోపే. ఆ జీర చాలా హెచ్చు శ్రుతిలో ఉంటుంది కాబట్టి వయసు పైబడిన చాలామందికి పిట్ట ఎదురుగా పాడుతున్నా వినపడదు. అలాంటివాళ్లు ఫోన్‌లో, కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఆన్ చేసుకుని, అది పేరు చూపించగానే కంచె తీగలూ ఎత్తైన కలుపు మొక్కల కొనలూ బైనాక్యులర్‌తో వెతకాలి. యాప్ చెప్పిందని చూసినట్టు లెక్క రాసుకోవద్దు, పిట్టను కళ్లారా చూడాలి.

చోటు కూడా సగం సమాధానం చెబుతుంది. గడ్డి మరీ దట్టంగా ఉండకూడదు, కుదుళ్ల మధ్య మట్టి కనపడాలి. కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్ గడ్డి మైదానాలు అలాంటివే. డాలస్‌లో ఉండే మనవాళ్లు ఉత్తర టెక్సస్ పచ్చిక బయళ్లలో చూడొచ్చు.

కనపడగానే రంగు కన్నా ముందు ఆకారం చూడండి. పొడవు దాదాపు 11 సెంటీమీటర్లు, బరువు 14–20 గ్రాములు. ఒంటికి మించిన తల, చదునైన నడినెత్తి, లావు ముక్కు, కురచ తోక. తర్వాత ఎద: చారలు లేని లేత గోధుమ రంగు. నడినెత్తిన తెల్లటి గీత, కన్ను చుట్టూ తెల్లటి వలయం, కంటికీ ముక్కుకూ మధ్య పసుపు ఛాయ. రెక్క మడతలో పసుపు చుక్క ఉంటుంది గానీ, దాన్ని నమ్ముకుంటే రోజంతా ఎదురుచూడాలి.

తడబడేది సవానా స్పారో దగ్గర. దానికీ కంటి ముందు పసుపే, కానీ ఎద నిండా చారలు, ముక్కు సన్నం. హెన్స్‌లోస్ స్పారోకు ఎద మీద చారలు, తల ఆకుపచ్చ ఛాయ, రెక్కలు తుప్పు రంగు.

అక్కడి ఎండాకాలం చివర్లో మాత్రం చారల లెక్క తప్పుతుంది. అప్పుడే గూడు వదిలిన గ్రాస్‌హాపర్ స్పారో పిల్లలకూ ఎద మీద చారలుంటాయి. అప్పుడు చదును తల, లావు ముక్కు, కురచ తోకలే ఆధారం.

లేపితే కొద్ది దూరం గడ్డి మీదుగా ఎగిరి దిగిపోతుంది, దిగాక ఎలుకలా పరుగెడుతుంది. కాబట్టి దిగిన చోటే చూస్తూ కూర్చోకుండా చుట్టూ చూడండి. గూడు నేల మీదే, పైన గడ్డి కప్పుతో దాగి ఉంటుంది. తల్లి రెక్క విరిగినట్టు పాక్కుంటూ పోతే గూడు మీ కాళ్ల దగ్గరే ఉన్నట్టు. అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేయండి.