ఎయిర్ ఫిల్టర్ లేకుండా బండి నడపాలనుకుంటే: ముందు జాగ్రత్తలు

ఫిల్టర్ పెట్టె తీయించి కార్బురేటర్ నోరు తెరిచి తిరగాలన్న సరదా విజయవాడ కుర్రాళ్లకు కొత్త కాదు. ఆటోనగర్‌లో బండి ఆపే ముందు ఇవి చూసుకోండి.

• తిరిగే దారి ఏది? రోజూ కరకట్ట మీద ఇసుక లారీల వెనుక వెళ్లే బండైతే ఆలోచన మానుకోండి. సన్నని ఇసుక ఆయిల్‌లో కలిసి సిలిండర్ గోడనూ పిస్టన్ రింగులనూ అరగదీస్తుంది. మొదట ఏమీ తెలియదు. తరువాత ఆయిల్ తగ్గుతుంది, సైలెన్సర్ నీలిపొగ కక్కుతుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) పడిపోతుంది. బోరింగ్ చేయించి, అంటే అరిగిన సిలిండర్‌ను లోపల తొలిపించి, కొత్త పిస్టన్ వేయించే ఖర్చుకు ఎన్ని ఫిల్టర్లు వస్తాయో మెకానిక్‌నే అడగండి.

• జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్నని రంధ్రం ఉన్న భాగం) మార్చారా? గాలి పెరిగితే పెట్రోలు వాటా తగ్గి ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది. మన మే నెల ఎండలో ఇది చిన్న సంగతి కాదు. సరిపడే మెయిన్ జెట్ వేయించి, కొంత దూరం నడిపాక స్పార్క్ ప్లగ్ తీసి దాని కొన చూడండి. లేత గోధుమరంగు మంచిది, తెల్లబడితే ఆపేయండి. కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి జెట్లు ఉండవు, కంప్యూటర్ సెట్టింగే మార్చాలి.

• క్రాంక్‌కేసు బ్రీదర్ గొట్టాన్ని (ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని బయటికి వదిలేది) ఊరికే వదిలేయవద్దు. దానికి చిన్న ఫిల్టర్ బిగించండి.

• పెట్రోలు కారుతోందా? కార్బురేటర్ నోటి నుంచి మంట వెనక్కి తన్నితే అడ్డుకునే పెట్టె ఇప్పుడు లేదు.

• వాన పడితే బండి తీయవద్దు.

శబ్దమే కావాలనుకుంటే కడిగి వాడుకునే ఫోమ్ ఫిల్టర్ తగిలించండి. ఆ గుర్రు చాలావరకు దానితోనూ వస్తుంది.