షార్ట్‌ఫిల్మ్‌లో వేరేవాళ్ల పాట వాడాలంటే అనుమతి ఎలా తీసుకోవాలి?

ఏ పాట, ఎన్ని సెకన్లు, వీడియో ఎక్కడ పెడతారు, డబ్బు వస్తుందా అన్నది ముందు కాగితం మీద రాసుకోండి. ఎడిటింగ్‌కు ముందే రాసుకోవాలి. పాటకు తగ్గట్టు కట్ చేసేశాక అనుమతి రాకపోతే సీన్ అంతా మళ్లీ చేయాల్సిందే.

తర్వాత హక్కులు ఎవరివో కనుక్కోండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. సాహిత్యం, బాణీల హక్కులు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మన చట్టంలో సాహిత్యానికీ బాణీకీ కర్త చనిపోయాక 60 ఏళ్లు, రికార్డింగ్‌కు విడుదలయ్యాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. త్యాగరాజస్వామి 1847లోనే పోయారు కాబట్టి ఆయన కృతిని మీ చెల్లెలితో పాడించి వాడుకోవచ్చు. నిరుడు వచ్చిన ఆల్బమ్‌లోంచి అదే కృతిని తీసుకోకూడదు. అన్నమయ్య కీర్తనలతో ఇంకా జాగ్రత్త. పదాలు పాతవే, కానీ ఇప్పుడు వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. కొన్ని సంగీత విద్వాంసులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివి. ఆయన 1979లో పోయారు, అంటే ఆ బాణీలకు 2039 చివరిదాకా రక్షణ ఉంది.

"పది సెకన్లే వాడాను", "కింద క్రెడిట్ ఇచ్చాను" అని దయచేసి అనకండి. చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పెళ్లిలో పాట వినిపించడానికి మినహాయింపు ఉంది నిజమే, ఆ పాటను పెళ్లి వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెట్టడానికి అది పనికిరాదు.

ఆడియో కంపెనీకి 'సింక్ లైసెన్స్', అంటే పాటను వీడియోకు జతచేసే అనుమతి, కావాలని మెయిల్ చేయండి. సాహిత్యం, బాణీల హక్కులు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయా అని అందులోనే అడగండి. ఫోన్‌లో "సరే" అంటే చాలదు. నాకు ఒకసారి అలాగే అన్నారు, యూట్యూబ్‌లో వీడియో పెట్టిన సాయంత్రమే క్లెయిమ్ వచ్చింది, అంటే ఆ పాట తమదని హక్కుదారు చెప్పుకున్నారు. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. క్లెయిమ్ అయితే చాలాసార్లు ఆదాయం వాళ్లకు పోవడంతో సరిపోతుంది, స్ట్రైక్ అలా కాదు, హక్కుదారు ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియోను తీసేసి ఇచ్చే హెచ్చరిక అది. 90 రోజుల్లో మూడు వస్తే ఛానెలే పోవచ్చు.

ఉచిత సంగీతం మేలంటారు. కానీ క్రియేటివ్ కామన్స్‌లో (కర్తలు ముందే అనుమతి ఇచ్చేసే ఉచిత లైసెన్సుల్లో) 'ఎన్‌డీ', అంటే మార్చి వాడకూడదు, అని ఉన్న ట్రాక్‌ను వీడియోకు జోడించకూడదని చాలామందికి తెలియదు. నా మాట వింటే, తెలిసిన సంగీత దర్శకుడికి డబ్బిచ్చి కొత్తగా చేయించుకోవడమే సరైన పద్ధతి.

ఎవరి దగ్గర తీసుకున్నా, ఒప్పందంలో కాలం, ప్రాంతం రాయించండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ సినిమాను డల్లాస్‌లో మనవాళ్లూ చూస్తారు కదా, 'ప్రపంచమంతటా' అన్న మాట అందులో ఉండాలి.