తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఎలా చూసుకోవాలి?

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్లతో మాట కలిపితే తరచూ వినిపించే బాధ ఒకటుంది: "ఆరు కిలోలు తగ్గానండీ, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చేసింది." దయచేసి దీన్ని మీ బద్ధకం అనుకోకండి. బరువు తగ్గాక ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, తిన్నది చాలని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. ఒంటి తీరే అది. అందుకే తగ్గడం ఒక పని, నిలబెట్టుకోవడం ఇంకో పని.

ముందు ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, ఎక్కడ, అప్పుడు ఆకలా టెన్షనా, తిన్న వెంటనే రాయండి. రాత్రికి రాద్దామంటే సగం గుర్తుండదు. నా దృష్టిలో అన్నిటికన్నా పనిచేసేది ఇదే. వారం రాస్తే తెలిసిపోతుంది: చిక్కు మధ్యాహ్నం అన్నంలో కాకుండా సాయంత్రం బజ్జీల బండి దగ్గరో, గోంగూర పచ్చడిలో కలిపిన నెయ్యిలోనో ఉండొచ్చు. చిన్న చెంచా నెయ్యే దాదాపు 45 కేలరీలు.

చిక్కు ఎక్కడుందో తెలిశాక దాన్ని కంటికి దూరం చేయండి. బండి లేని వీధి మీదుగా ఇంటికి రండి. జంతికల డబ్బా అటక ఎక్కించండి. గిన్నెలు ముందు పెట్టుకోకుండా వంటింట్లోనే వడ్డించుకుని రండి.

లక్ష్యం చిన్నదే పెట్టుకోండి. 80 కిలోలున్నవారు ఆరు నెలల్లో 4 నుంచి 8 కిలోలు తగ్గినా షుగర్, బీపీల్లో మేలు కనిపిస్తుంది. షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పాలి.

తగ్గాక నోటు పుస్తకం పారేయకండి. అమెరికాలో 1994 నుంచి, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవారి వివరాలు నమోదు చేస్తున్నారు. వారిలో ఎక్కువమంది తరచూ బరువు చూసుకుంటారు, రోజూ గంట దాకా ఒళ్లు కదిలిస్తారు. మీరూ వారానికోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి. రెండు కిలోలు పెరిగితే ఆరోజే మళ్లీ రాయడం మొదలుపెట్టండి. నడక వారానికి 200 నుంచి 300 నిమిషాలు ఉండాలి. మే నెల ఎండల్లో పొద్దున ఆరింటిలోపే ముగించండి.

పెళ్లి భోజనంలో అత్తయ్య కొసరి వడ్డించిన బొబ్బట్టు తిన్నారా? మర్నాడు ఉపవాసం వద్దు. పుస్తకంలో "బొబ్బట్లు రెండు" అని రాసుకుని, తర్వాతి పూట ఎప్పటిలాగే భోంచేయండి.