విదేశాల్లో ఉన్న పిల్లలకు పెళ్ళి బయోడేటా రాయడం ఎలా

చిక్కడపల్లిలో నేను నడిపే డీటీపీ దుకాణానికి శుభలేఖ పని రావడానికి ఏడాది ముందే బయోడేటా పని వస్తుంది. తల్లిదండ్రులు ఎవరిదో పాత కాగితం ఒకటి తెచ్చి, "ఇందులో పేరు, నక్షత్రం మార్చి మా అబ్బాయిది వేసేయండి" అంటారు. అబ్బాయి కొత్తపేటలోనో కూకట్‌పల్లిలోనో ఉంటే ఆ పద్ధతి ఎలాగో నడుస్తుంది, ఎందుకంటే కాగితంలో లేనిది వాకబు చేసి తెలుసుకోవచ్చు. తెలిసినవారిని పంపి ఆఫీసు చూసి రమ్మనవచ్చు, పక్కింటివారిని అడగవచ్చు. అబ్బాయి డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నప్పుడు ఆ వాకబు సగం కూడా సాగదు. కాబట్టి వాకబులో బయటపడవలసిన సంగతులు చాలావరకు కాగితమే ముందుగా చెప్పాలి, చెప్పినది అవతలివారు సరిచూసుకోవడానికి వీలుగా ఉండాలి.

ఈ కాగితాన్ని ఇద్దరు చదువుతారని గుర్తుంచుకోవాలి. ఇక్కడ పెద్దలు గోత్రం, స్వస్థలం, తోబుట్టువులు, మేనమామల వివరాలు చూస్తారు. అక్కడ ఉన్న అమ్మాయో అబ్బాయో మధ్యాహ్న భోజన విరామంలో ఫోన్‌లో తెరిచి, ఊరు ఏది, ఉద్యోగం ఏమిటి, వీసా ఏది అన్న మూడు సంగతులు చూసి మిగతాది మూసేస్తారు. అందుకని నేను రెండు పేజీలు సూచిస్తాను. మొదటి పేజీలో కుటుంబం గురించి పెద్దలు రాయాలి, రెండో పేజీని పెళ్ళి చేసుకోబోయే మనిషి తానే రాసి పంపాలి. "మా అమ్మాయి అణకువ గలది, పనిమంతురాలు" అని తండ్రి రాసిన మాటకు విలువ తక్కువ. ఏ తండ్రీ మరోలా రాయడు.

పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాసి, ఇంటిపేరును పొడి అక్షరాలతో కాక పూర్తిగా ఇవ్వాలి. పుట్టిన తేదీలో నెలను అంకెతో వేయకూడదు. 04/07/1995 అంటే ఇక్కడివారికి జూలై 4, అమెరికాలో పెరిగినవారికి ఏప్రిల్ 7. ఎత్తు విషయంలో ఇంతకంటే విచిత్రమైన పొరపాటు జరుగుతుంది. అయిదడుగుల పది అంగుళాల అబ్బాయికి 5.10 అని వేస్తారు. ఎవరో మధ్యవర్తి ఆ వివరాలను ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించగానే చివరి సున్నా మాయమై 5.1 అవుతుంది, అబ్బాయి తొమ్మిది అంగుళాలు కుంగిపోతాడు. "5 అడుగుల 10 అంగుళాలు" అని మాటల్లో రాస్తే ఈ గొడవ ఉండదు.

జాతకం చూసే కుటుంబాలకు జన్మ సమయం మరింత ముఖ్యం. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే. న్యూజెర్సీలో జూలై నెలలో రాత్రి 9 గంటల 10 నిమిషాలకు పుట్టిన మా మేనకోడలి బయోడేటాలో ఆ సమయం వేసి, కింద "స్వస్థలం: హైదరాబాద్" అని వేసి, పుట్టిన ఊరు వేయడం మరిచిపోయాను. చూసిన సిద్ధాంతిగారు అది మన గడియారం ప్రకారం సమయమే అనుకుని గుణించారు. నిజానికి ఆ ఘడియ మనకు మర్నాడు ఉదయం 6 గంటల 40 నిమిషాలు. నక్షత్రం సుమారు ఒక రోజు, పాదం సుమారు ఆరు గంటలు ఉంటుంది కాబట్టి, తొమ్మిదిన్నర గంటల తేడాతో హస్త నాలుగో పాదం అనుకున్నది చిత్త రెండో పాదమైంది. తప్పు తేలేలోగా ఒక మంచి సంబంధం పొంతన కుదరలేదని వెనక్కి పోయింది. మా అక్కయ్య ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది. విదేశంలో పుట్టినవారికి ఊరు, దేశం, అక్కడి స్థానిక సమయం, ఆ రోజుల్లో గడియారాన్ని గంట ముందుకు జరిపే వేసవి సమయం అమల్లో ఉందా లేదా అన్నవి నాలుగూ రాయాలి. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది కనుక ఆ ఒక్క గంట కూడా లెక్కలోకి వస్తుంది. జాతకాలు పట్టించుకోని ఇంటివారు ఆ గడిని ఖాళీగా వదలకుండా "జాతకాలు చూడము" అని రాయడం మర్యాద.

ఇక అసలు విషయం వీసా. "అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది" అన్న వాక్యాన్ని నేను లెక్కలేనన్ని సార్లు టైపు చేశాను. దాని అర్థం ఏమిటని అడిగితే చాలామంది తండ్రులకు తెలియదు. కంపెనీ ఇంకా అక్కడి కార్మిక శాఖకు లేబర్ దరఖాస్తు వేసే దశలో ఉన్నా ఆ మాటే, ఆ తరువాత ఉద్యోగి కోసం కంపెనీ ఇమిగ్రేషన్ శాఖకు పెట్టే ఐ-140 అర్జీ ఆమోదం పొందినా ఆ మాటే, చివరి దరఖాస్తు పెట్టి కార్డు కోసం ఎదురుచూస్తున్నా ఆ మాటే. ఈ మూడింటికీ మధ్య ఏళ్ళ తరబడి దూరం ఉంది. ఉద్యోగ కేటగిరీల్లో సాధారణంగా ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి కార్డులు ఇవ్వరు కాబట్టి భారతదేశంలో పుట్టినవారి వరుస చాలా పొడవు. అందుచేత ఏ దశలో ఉన్నదీ, ఏ కేటగిరీ అన్నదీ, ప్రయారిటీ డేట్ (ఆ వరుసలో చోటును నిర్ణయించే తేదీ) ఏ సంవత్సరానిదన్నదీ రాయాలి.

ఇదంతా అబ్బాయి సొంత గొడవ అనుకుంటే పొరపాటు. మాధాపూర్‌లో ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక ఇంట్లో కూర్చోవాలా, ఉద్యోగం చేయవచ్చా అన్నది ఆ ఒక్క వాక్యమే తేలుస్తుంది. కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా అయిన హెచ్-1బి మీద ఉన్నవారి భార్యకో భర్తకో వచ్చే హెచ్-4 వీసాతో నేరుగా ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు గానీ, దానికి ప్రధానంగా హెచ్-1బి ఉన్నవారి ఐ-140 ఆమోదం పొంది ఉండాలి. ఐ-140 లేకపోతే హెచ్-1బి గడువు సాధారణంగా ఆరేళ్ళతో ముగుస్తుంది. కాబట్టి "హెచ్-1బి, నాలుగో సంవత్సరం, ఐ-140 ఆమోదం అయింది" అన్న చిన్న వాక్యం అవతలివారికి ఒక పేజీ పొగడ్తకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఎం.ఎస్. పూర్తిచేసి ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద పనిచేస్తున్నవారు ఆ మాట దాచకూడదు. ఓపీటీ 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ వంటి కోర్సులు చదివినవారికి మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. ఆలోగా హెచ్-1బి లాటరీలో పేరు రావాలి. ఆ దశలో పెళ్ళయితే జీవిత భాగస్వామికి వచ్చేది ఎఫ్-2 వీసా, దానితో ఉద్యోగం కుదరదు. ఇది తెలిసి ఒప్పుకునేవారు ఉంటారు. తెలియకుండా ఒప్పుకున్నవారితోనే తరువాత చిక్కు.

గ్రీన్ కార్డ్ ఉందంటే అన్నీ సులువని ఇక్కడ ఒక నమ్మకం ఉంది. అమెరికా పౌరులను పెళ్ళి చేసుకున్నవారికి ఏటా ఇన్ని మాత్రమే అన్న పరిమితి లేదు. గ్రీన్ కార్డ్ మాత్రమే ఉన్నవారిని పెళ్ళాడినవారికి ఉంది. వారు వరుసలో వేచి ఉండాలి. ఉద్యోగం ద్వారా కార్డు వచ్చేవారి విషయంలో పెళ్ళి కార్డు ఆమోదానికి ముందు జరిగిందా, తరువాత జరిగిందా అన్నదాన్నిబట్టి దారి మారిపోతుంది. ముందు జరిగి ఉంటే భాగస్వామి అదే దరఖాస్తు వెంట వెళ్ళే అవకాశం ఉంటుంది. కార్డు ఈరోజో రేపో వచ్చేలా ఉంటే ఆ సంగతి బయోడేటాలో తప్పక రాసి, ముహూర్తానికి ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించాలి.

గల్ఫ్‌లో ఉన్నవారికి ప్రశ్న వేరు. అక్కడ ఉద్యోగం ఉండటం ఒక ఎత్తు, కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలుండటం మరో ఎత్తు. ఉదాహరణకు యూఏఈలో కుటుంబ వీసా కోసం నెలకు కనీసం 4,000 దిర్హామ్‌ల జీతం, లేదా వసతి కాక 3,000 దిర్హామ్‌లు ఉండాలి. "దుబాయిలో ఉద్యోగం, కుటుంబ వీసాకు అర్హత ఉంది" అని గానీ, "ప్రస్తుతానికి కుటుంబం హైదరాబాద్‌లోనే ఉండాలి" అని గానీ ఒక వాక్యం రాస్తే చాలు.

జీతాన్ని రూపాయల్లోకి మార్చి రాయవద్దు. 1,20,000 డాలర్లు అని ఉన్నచోట మధ్యవర్తి "ఏడాదికి కోటి" అని వేయిస్తాడు. పన్నులు, ఇంటి అద్దె, విద్యా రుణం వాయిదాలు పోగా ఆ కోటిలో ఎంత మిగులుతుందో అక్కడ ఉన్న ప్రతి అమ్మాయికీ తెలుసు, కనుక ఆ అంకె చూసి నవ్వుకుంటుంది. పన్నులకు ముందు ఇంత అని డాలర్లలోనే రాసి, రుణం ఉంటే ఉందని రాయాలి. కంపెనీ తరఫున నేరుగా పనిచేస్తున్నారా, కన్సల్టెన్సీ ద్వారా క్లయింటు దగ్గర పనిచేస్తున్నారా అన్నది కూడా చెప్పాలి.

"నా గురించి" అన్న పేరా దగ్గర అందరి కలం ఆగిపోతుంది. మొన్న ఒక అబ్బాయి పంపినది ఇలా ఉంది: "నేను సరదాగా ఉండే వ్యక్తిని. సంప్రదాయాన్నీ ఆధునికతనూ సమానంగా గౌరవిస్తాను. ప్రయాణాలు, సంగీతం, వంట నా అభిరుచులు." ఇందులో అబద్ధం లేదు, అబ్బాయి కూడా లేడు. ఫోన్ చేసి, పోయిన శనివారం ఏం చేశావని అడిగాను. అతను చెప్పినదాన్నే సర్ది ఇలా రాశాం: "ఇర్వింగ్‌లో ఒక స్నేహితుడితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. శనివారం ఉదయం క్రికెట్ ఆడి, వచ్చేటప్పుడు వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటాను. పప్పు, పులుసు బాగానే చేస్తాను, చపాతీలు మాత్రం గుండ్రంగా రావు. గుడికి పండుగలకే వెళతాను. గుడ్డు తింటాను, మాంసం తినను. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది కాబట్టి ఏటా ఒకసారి వస్తున్నాను, అయిదారేళ్ళలో హైదరాబాద్‌కు వచ్చేయాలన్న ఆలోచన ఉంది." చివరి వాక్యం తీసేయమని అతని తల్లిగారు ఎంతో బతిమాలారు, సంబంధాలు తగ్గిపోతాయని ఆమె భయం. నిజంగానే కొన్ని తగ్గాయి. తగ్గినవన్నీ అక్కడే స్థిరపడాలనుకున్నవారివి, ఎప్పటికైనా తగ్గవలసినవే.

కుటుంబ వివరాల్లో తండ్రి ఉద్యోగం, తల్లి వివరం, తోబుట్టువులు ఎక్కడ స్థిరపడ్డారన్నవి సరిపోతాయి. ఆస్తుల జాబితా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. మియాపూర్‌లో ఫ్లాటు, శంకర్‌పల్లిలో రెండు ప్లాట్లు అని రాయడం వరకూ అలవాటే గానీ, "పెళ్ళికి ఇంత ఇస్తాము", "అమ్మాయి పేరిట ఇంత రాస్తాము" అన్న మాటలు నా దుకాణంలో టైపు చేయను. 1961 వరకట్న నిషేధ చట్టంలోని 4ఏ సెక్షన్ ప్రకారం, పెళ్ళికి ప్రతిఫలంగా ఆస్తిలో వాటా గానీ డబ్బు గానీ ఇస్తామని పత్రికలోనైనా మరే మాధ్యమంలోనైనా ప్రకటించడమే నేరం. దానికి ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష గానీ, 15,000 రూపాయల దాకా జరిమానా గానీ పడవచ్చు.

రెండో పెళ్ళి అయితే ఆ మాట మొదటి పేజీలోనే ఉండాలి. విడాకులు ఏ దేశపు కోర్టులో, ఏ సంవత్సరంలో వచ్చాయో, ఇద్దరి అంగీకారంతో జరిగాయో లేదో రాయాలి. తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళిని అమెరికాలోని మిస్సోరి కోర్టు రద్దు చేయగా, ఆ తీర్పు ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం ఒప్పుకోని కారణంతో, అవతలి మనిషి ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ డిక్రీ పట్టుకుని ఇక్కడ మళ్ళీ పెళ్ళికి కూర్చుంటే, మొదటి పెళ్ళి ఇంకా రద్దు కానట్టే.

ఫోటోలు మూడు చాలు, ఆరు నెలల లోపువి అయి ఉండాలి. నల్లకళ్ళద్దాలు, అద్దెకు తెచ్చిన కారు, మంచులో టోపీ కింద కనిపించని ముఖం వద్దు.

కోరికల గడిలో "మంచి కుటుంబం, తగిన సంబంధం" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ ఊళ్ళకు వెళ్ళడానికి సిద్ధం, ఉద్యోగం మానుకోవడం ఇష్టమా కాదా, శాఖ పట్టింపు ఉందా లేదా అన్న రెండు మూడు సంగతులు చాలు. దానితో పాటు తదుపరి హైదరాబాద్ రాక ఏ నెలలో, ఎన్ని రోజుల సెలవు, తిరిగి వెళ్ళేముందు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) అవసరమా అన్నది రాస్తే పెళ్ళిచూపుల నుంచి ముహూర్తం దాకా అన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు. స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ దొరక్క ముహూర్తాలు వాయిదా వేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నా, తేదీలు ముందుగా చెప్పుకోక తప్పదు.

ఫోన్ నంబరు ఇక్కడి పెద్దలది ఒకటి ఇస్తే చాలు. పాస్‌పోర్టు, ఆధార్, వీసా నంబర్లు, అక్కడి ఇంటి చిరునామా బయోడేటాలో ఎక్కకూడదు; ఆ కాగితాలు మాట ముదిరాక ఇరువైపులవారూ ఎదురుగా చూపించుకోవలసినవి. అక్కడివారితో మాట్లాడటానికి వీలైన వేళను మన సమయంలో రాయాలి. డాలస్‌లో వేసవిలో రాత్రి ఎనిమిది అంటే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పేజీ అడుగున తయారుచేసిన తేదీ వేయాలి, ఎందుకంటే వీసా దశ మారుతుంది, ఉద్యోగం మారుతుంది, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ మాత్రం మారదు. కొత్తది పంపినప్పుడల్లా పాతదాన్ని తీసేయమని పంపినవారందరికీ చెప్పాలి. తాంబూలాలు పుచ్చుకున్న రోజు సాయంత్రమే మ్యారేజ్ బ్యూరోలకు ఫోన్ చేసి బయోడేటా తీయించేయాలి, లేకపోతే పెళ్ళయి రెండేళ్ళయినా ఎవరో ఒకరు ఉదయం ఆరున్నరకు ఫోన్ చేసి "మీ అబ్బాయి నక్షత్రం ఏమన్నారండీ" అని అడుగుతూనే ఉంటారు.