పాత మాల్బెక్ సీసాను తేటగా వంచడం ఎలా?

అర్జెంటీనాలోని మెండోజా నుంచి మాల్బెక్ అనే మంచి రెడ్ వైన్ తెప్పించుకుని, పదేళ్లు జాగ్రత్తగా దాచి, తెరిచిన రోజున గబగబా గ్లాసుల్లోకి గుమ్మరించేస్తారు. సగం మందికి మడ్డే దక్కుతుంది. చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి మూడే: కార్క్‌స్క్రూ, ఏ వాసనా లేని గాజు కూజా, చిన్న టార్చి.

ముందురోజే సీసాను ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా కుదుపు. తాగడానికి గంటకు పైగా ముందు బయటపెట్టి, 16–18 డిగ్రీలకు రానివ్వండి. రెడ్ వైన్ గది వేడిమిలోనే తాగాలన్న మాట చలిదేశాల ఇళ్లకు చెల్లుతుంది, మే నెలలో విజయవాడ ఇంటికి కాదు.

మూతి చుట్టూ ఉన్న రేకు మొత్తం తీసేయండి, లేకపోతే మెడలోంచి ఏం వస్తోందో కనబడదు. కార్క్ నెమ్మదిగా లాగండి, మూతి తుడవండి.

అసలు పని ఇక్కడుంది. ముందు ఆ మడ్డి ఎలా వస్తుందో చూడండి. మెండోజాలో పేరున్న తోటలు కొండల ఎత్తున ఉంటాయి. 1902లో మొదలైన కాతెనా సపాతా వైనరీ వారి అడ్రియానా తోట సముద్రమట్టానికి సుమారు 1,450 మీటర్ల పైన ఉంది. అంత ఎత్తున ఎండ తీక్షణం, అందుకే ద్రాక్ష తొక్క దళసరెక్కుతుంది. రంగూ, వగరునిచ్చే టానిన్లూ ఉండేది ఆ తొక్కలోనే. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానికొకటి అంటుకుని మడ్డిగా అడుగుకు దిగుతాయి. వైన్ పాడైందని కంగారుపడొద్దు, కానీ ఆ మడ్డి నోట్లో పడితే చేదు, ఇసుక.

సీసాను కుదపకుండా ఎత్తి, మెడ కింద టార్చి వెలిగించి, సన్నటి ధారగా కూజాలోకి వంచండి. ఒక్కసారి వంచాక మధ్యలో ఆపొద్దు. ఎవరో పిలిచారని సీసా నిలబెట్టారా, వైన్ వెనక్కి కొట్టి తేరుకున్న మడ్డంతా లేస్తుంది, మళ్లీ ఒక రోజు ఆగాల్సిందే. చివరికొచ్చేసరికి కళ్లు సీసా భుజం మీదే ఉండాలి. అక్కడ పొగలాంటి నల్లటి తీగ కనబడగానే ఆపండి. రెండు వేళ్ల మందం మిగిలిపోతుంది. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఆ చివరి చుక్కలకు ఆశపడితే, పైన వంచిన తేట కూడా చెడుతుంది.

గుడ్డతో వడకట్టమని కొందరు చెబుతారు. వద్దు. గుడ్డకు సబ్బు వాసన ఉంటుంది, సన్నటి మడ్డి ఎలాగూ దాటిపోతుంది. పాత వైన్‌కు గాలి కొట్టే గరాటాలు అసలే వద్దు, ఉన్న కాస్త పరిమళం పోతుంది. అవి ఐదేళ్లలోపు సీసాలకే. లేత వైన్‌ను ధారాళంగా వంచి గంటసేపు వదిలేయవచ్చు.

పాతదైతే వంచిన వెంటనే గ్లాసులో మూడోవంతు పోసి తాగండి. పక్కన కారం తగ్గించి వేయించిన మటన్ ఉండాలి. గుంటూరు కారం తగిలితే టానిన్లు నాలుకను ఇంకా మండిస్తాయి.